లేని టవరు

నార్వే ఉత్తర తీరాన హెస్త్‌వర్ దీవిలో ఉన్న లోరాన్ టవరును ప్రభుత్వంవారు సకల లాంఛనాలతో కూల్చివేశారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఇది జరిగి పదేళ్లు దాటింది. అయినా సంతోషించాల్సిన విషయాలకు కాలదోషం పట్టదు.

ఆ రోజు బ్యాండుమేళం పక్క దీవికి కూడా వినబడింది. మంత్రి విబెకె గారు గాలికి చెదురుతున్న జుట్టును ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఆకాశాన్ని చూపిస్తూ ప్రసంగించారు.

"ప్రియమైన దీవివాసులారా! ఇన్నాళ్లూ మన పడవలు దారి కోసం ఈ ఇనుప కంబాన్ని నమ్ముకున్నాయి. ఇకమీదట ఆకాశమే మనకు దారి చూపుతుంది. ఆకాశానికి తుప్పు పట్టదు! ఆకాశానికి రంగు వెయ్యక్కర్లేదు! ఆకాశానికి సిబ్బంది అక్కర్లేదు!"

అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టినవారు టవరు సిబ్బంది. ఆ పూటతో ఉద్యోగాలు పోతున్నందుకు వారికి తలా ఒక గోడగడియారం బహూకరించారు.

ఆ టవరు చేసేది నిజంగానే మోటుపని. పగలూ రాత్రీ రేడియోలో టకటకమని కొట్టుకుంటూ ఉండేది. దూరాన ఉన్న మరో రెండు టవర్లు దానికి వంత పాడేవి. పడవలో ఉన్న పెట్టె ఆ మోతల మధ్య ఎడం లెక్కగట్టి, నువ్వు ఫలానా చోట ఉన్నావని చెప్పేది. ఆ మోత ఎంత గట్టిదంటే, దాన్ని చెడగొట్టాలనుకున్న దుర్మార్గుడు కూడా ముందుగా అంత పెద్ద టవరు కట్టుకోవాలి. ఆకాశంలోంచి వచ్చే ఉపగ్రహాల గొంతు అలాంటిది కాదు. చాలా సన్నం. పక్కింటివాడు దగ్గినా వినబడదు. దీనినే నాగరికత అంటారు.

టవరు ఒరిగి, దుమ్ము లేచి, బ్యాండు మళ్లీ అందుకుంది. వాఫుల్స్ వడ్డిస్తున్న ఓలినాకి మాత్రం కళ్లు చెమర్చాయి. ఆమెకు ఏది వెళ్లిపోతున్నా అంతే. పాత కుట్టుమిషను అమ్మేసినప్పుడు దాన్ని రేవుదాకా వెళ్లి సాగనంపిన మనిషి.

ఆ మధ్యాహ్నమే ఇంకో సంగతి బయటపడింది. బయటపడింది అనడం కూడా తప్పే, ఎవరూ పైకి అనలేదు. హెస్త్‌వర్ జాలరులు ఆ టవరును చెవితో కంటే కంటితోనే ఎక్కువ వాడుకునేవారు. ఎర్ర పట్టీలూ తెల్ల పట్టీలూ వేసుకుని అది ఎంత దూరానికైనా కనబడేది. చర్చి శిఖరం మీది ఇనుప కోడిపుంజు టవరు ఎర్ర పట్టీ కిందికి రావాలి, అప్పుడు గాలం వెయ్యాలి. దీన్ని వాళ్లు గురి అంటారు. ప్రతి జాలరికీ ఒక గురి ఉంటుంది. ప్రభుత్వ లెక్కల్లో లేని ఈ ఉపయోగాన్ని కూడా ప్రభుత్వం అదే దెబ్బతో కూల్చేసింది. అయినా ఒక్క ఫిర్యాదు రాలేదు. ఫిర్యాదు చేస్తే టవరు ఎందుకు కావాలో చెప్పాలి. ఎందుకు కావాలో చెబితే చేప ఎక్కడుందో చెప్పాలి. అంతకంటే టవరు పోవడమే మేలు.

హెస్త్‌వర్‌లో గురి అడగడం అమర్యాద. అడిగినవాడికి నిజం చెప్పడం మతి చెడిన లక్షణం. కాబట్టి పెద్దలు ఒక చక్కటి పద్ధతి ఏర్పాటు చేశారు. ఎవరు అడిగినా "నీటికాకుల తిప్ప పక్కన" అనాలి. ఆ తిప్ప పక్కన నీటికాకుల రెట్ట తప్ప మరేమీ దొరకదని అందరికీ తెలుసు. అడిగినవాడు తలాడించి వెళ్లిపోతాడు. ఎవరి మర్యాద వారికి దక్కుతుంది.

ఈ మర్యాద ఓలినా ప్రాణానికి వచ్చింది.

ఆమె చిన్నప్పుడు వాళ్ల నాన్న ఒక పొద్దున పడవెక్కి వెళ్లి తిరిగి రాలేదు. ఎక్కడికి వెళ్లాడని అడిగితే వాళ్లమ్మ ఆయన చెప్పిన మాటే చెప్పింది. ఊరంతా కదిలి నీటికాకుల తిప్ప చుట్టూ వెతికింది. చాలా శ్రద్ధగా వెతికింది. ఆయన అక్కడ లేడు.

అప్పటినించీ ఓలినాకి సముద్రం అంటే భయం లేదు గాని, గడప అంటే భయం. పెళ్లయిననాటి నుంచి ప్రతి పొద్దునా మొగుడు ఆర్నుల్ఫ్ గడప దాటుతుంటే అడుగుతుంది, ఎక్కడికని. ఆర్నుల్ఫ్ టోపీ సర్దుకుని, "నీటికాకుల తిప్ప పక్కకి" అంటాడు. ఆ దీవిలో పడవెక్కేవాళ్లు వెళ్లొస్తానని చెప్పరు, అశుభం. "కాఫీ మీద మూత పెట్టి ఉంచు" అని వెళతారు. ఆమె మూత పెడుతుంది. మూత మీద చెయ్యి పెట్టుకుని కాసేపు అలాగే నిలబడుతుంది.

ఇలా సాగుతుండగా ఆకాశానికి జలుబు చేసింది.

తూర్పు సరిహద్దు అవతల ఉన్న ఒక పొరుగువారు ఉపగ్రహాల గొంతు మీద బురద చల్లడం మొదలుపెట్టారని ప్రభుత్వం ప్రకటించింది. ఆ పొరుగువారి పేరు మాత్రం చెప్పలేదు. తూర్పున అలాంటి పొరుగువారు ఒక్కరే కనుక పేరు చెప్పడం మర్యాద కాదు. ఫలితంగా, ప్రయాణికుల ఓడ తెరమీద కొండ ఎక్కింది. పోస్టు పడవ ఎక్కడ ఉన్నా విమానాశ్రయం రన్‌వే మధ్యలో ఉన్నట్టు చూపించింది. దీవిలో మేకలకు కంచె బదులు మెడలో పట్టీలు కట్టారు. ఉపగ్రహం గీసిన హద్దు మేక దాటితే పట్టీ పాట పాడుతుంది. ఒక ఆదివారం ఉన్న మేకలన్నీ ఉన్నచోటే నిలబడి ఒక్కసారిగా హద్దు దాటేశాయి. చర్చిలో కీర్తన కంటే బయట పాట బాగుందని వృద్ధులు కొందరు అభిప్రాయపడ్డారు.

ప్రభుత్వం మేల్కొంది. మేల్కొన్న ప్రభుత్వం మొదట చేసే పని ఒక కార్యాలయం తెరవడం. ద్వితీయమార్గ సంచాలక కార్యాలయం అని పేరు పెట్టారు. మొదటి దారి పోతే రెండో దారి ఏమిటో కనుక్కోవడం దాని పని. వారు చాలా కాలం ఆలోచించి, నేలమీద నిలబడి గట్టిగా మోత చేసే ఒక పొడవాటి టవరు ఉంటే బాగుంటుందని కనుక్కున్నారు. ఎక్కడ కడితే బాగుంటుందో కూడా కనుక్కున్నారు. హెస్త్‌వర్‌లో.

అయితే పాత టవరు ఇనుము అప్పటికే రాజధానిలో ఒక కూడలిలో శిల్పమైపోయింది. శిల్పం పేరు 'పురోగతి'. టవరు పునాది మీద 'మనకిక అక్కర్లేనివి' అనే ప్రదర్శనశాల వెలిసింది. దాని కప్పు మీద ఒక అరుదైన తెల్లపిట్టల జంట గూడు పెట్టుకుంది. పిట్టల శాఖవారు అవి ఎగిరిపోయేదాకా ఎవరూ గట్టిగా దగ్గకూడదని ఆజ్ఞ జారీ చేశారు. కనుక టవరు వచ్చేలోగా, తాత్కాలికంగా, ప్రజల సంప్రదాయ విజ్ఞానంతో దేశాన్ని నడపాలని నిర్ణయమైంది. అంటే జాలరుల గురులన్నీ సేకరించాలి.

ఈ పనిమీద ఐలర్ట్ అనే అధికారి దీవికి వచ్చాడు. మంచివాడు. గడప గడపకీ వెళ్లి కాఫీ తాగి, మేకపాల చీజు వేసిన వాఫుల్ తిని, మీ గురి చెప్పండి అని అడిగాడు. ఇంతవరకు ఆ దీవిలో ఎవరినీ ఎవరూ అంత బాహాటంగా అడిగి ఎరగరు. పాపం పట్నంవాడు, తెలియక అడుగుతున్నాడని క్షమించి, అందరూ మర్యాదగానే జవాబిచ్చారు.

ఆర్నుల్ఫ్ వంతు వచ్చింది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, గడ్డం గోక్కుని, ఎంతో కష్టంమీద రహస్యం విప్పుతున్నట్టు ముఖం పెట్టి చెప్పాడు.

"చర్చి శిఖరం గొర్రెకొండ నెత్తిమీదికి రావాలి. మా ఓద్వార్ పడవల కొట్టం రేవు చివరిదాకా జరగాలి. రెండూ కలిసినచోట ఆగాలి."

ఐలర్ట్ చేతిలో యంత్రం మీద గీతలు గీశాడు. "ఇది కూడా నీటికాకుల తిప్ప పక్కకే వస్తోందండీ."

"అవును మరి."

"మీరంతా ఒకేచోట చేపలు పడతారా?"

"మా ఊళ్లో అందరం అన్యోన్యంగా ఉంటాం బాబూ," అన్నాడు ఆర్నుల్ఫ్.

ఐలర్ట్ కళ్లలో నీళ్లు తిరిగాయి. స్థానిక సమాచారంలో అపూర్వమైన ఏకాభిప్రాయం కనబడిందనీ, ఇంత నిక్కచ్చి అయిన ప్రజలు మరెక్కడా లేరనీ పైకి నివేదించాడు.

అతను వెళ్లాక ఓలినా గిన్నెలు తోముతూ అంది. "ఆ పట్నంవాడికి అబద్ధం చెప్పావు, సరే. నాకైనా నిజం చెప్పు."

"చెప్పానుగా, నీటికాకుల తిప్ప."

"మా నాన్న కూడా అదే చెప్పాడు."

ఆర్నుల్ఫ్ వలల దారం తెచ్చుకుని, ముడి లేనిచోట ముడి విప్పుతూ కూర్చున్నాడు.

ఇలా సేకరించిన గురులతో జాతీయ నేత్రమార్గ వ్యవస్థ సిద్ధమైంది. ప్రారంభోత్సవానికి మంత్రిగారు శాఖవారి కొత్త ఓడలో స్వయంగా వేంచేశారు. పది సంవత్సరాల్లో జుట్టు నెరిసింది గాని, ఆకాశం వైపు చూపించే చెయ్యి మాత్రం చెక్కు చెదరలేదు. ఇప్పుడది ఓడ మీంచి నేల వైపు చూపించింది.

"ఆకాశాన్ని గుడ్డిగా నమ్మకూడదని నేను మొదటినించీ చెబుతూనే ఉన్నాను!"

చప్పట్లు కొట్టారు. బ్యాండు అందుకోబోయింది. సరిగ్గా అప్పుడు రేడియోలో ఆర్నుల్ఫ్ గొంతు వినిపించింది.

హెస్త్‌వర్‌లో ప్రతి వంటింట్లోనూ పడవల రేడియో ఉంటుంది. కెటిల్ లేని ఇల్లయినా ఉండవచ్చు గాని అది లేని ఇల్లు లేదు. సముద్రంలో ఎవరు నోరు విప్పినా ఊరంతా వింటుంది. ఓలినా ప్రారంభోత్సవానికి వెళ్లలేదు. ఆర్నుల్ఫ్ రాకుండా ఆమె ఇల్లు కదలదు. కాఫీగిన్నె దగ్గరే నిలబడి ఉంది.

"ఆర్నుల్ఫ్‌ని మాట్లాడుతున్నా. ఇంజను చచ్చింది. గాలి సముద్రం వైపు తోస్తోంది. వెనకాల నురుగు కక్కే రాళ్లు కనబడుతున్నాయి. కాస్త ఎవరైనా వచ్చి తాడు వేస్తే బావుంటుంది." పక్కవాణ్ణి ఉప్పు అందించమన్నట్టుగా ఉంది గొంతు.

ఓడలోంచి ఐలర్ట్ అందుకున్నాడు. "ఆర్నుల్ఫ్ గారూ, మీరు ఎక్కడున్నారు?"

"పెట్టె చూస్తే రన్‌వే మధ్యలో ఉన్నానంటోంది."

"పెట్టె సంగతి కాదండీ. నిజంగా ఎక్కడున్నారు?"

రేడియో గరగరలాడింది. దీవిలో ప్రతి వంటింట్లోనూ గరిటె ఆగింది. ఊరు ఊరంతా చెవులు రిక్కించి వింటోంది. అది ఆర్నుల్ఫ్‌కీ తెలుసు.

"నీటికాకుల తిప్ప పక్కన," అన్నాడు.

ఓలినా రేడియో మైకు లాక్కుంది. "ఏమయ్యా! చావబోతూ కూడానా! నిజం చెప్పు!"

"ఊరంతా వింటున్నారే!"

"విననీ! రాళ్ల మీద పడ్డాక నీ చేపలు ఎవరు పడితే నీకేం?"

"ఆర్నుల్ఫ్ నుంచి ఇక అంతే," అని గొంతు ఆగిపోయింది.

ఓడలో మంత్రిగారి ముఖం వెలిగింది. "మన వ్యవస్థకు ఇదే తొలి పరీక్ష! పదండి, ఆ పౌరుణ్ణి రక్షిద్దాం!" ఓడ గంట కొట్టి, జాతీయ నేత్రమార్గం చూపించిన గీత వెంబడి, తీరు చెదరకుండా, పూర్తి వేగంతో నీటికాకుల తిప్ప వైపు సాగిపోయింది.

ఓలినా రేవుకి పరిగెత్తింది. ఏప్రన్ కూడా విప్పలేదు. ఓడ అటు పోతోందని అరవబోయి, ఆగిపోయింది. రేవులో పడవలు ఒక్కొక్కటే తాళ్లు విప్పుకుంటున్నాయి. ముందు ఓద్వార్ పడవ బయల్దేరింది. ఓద్వార్, ఆర్నుల్ఫ్ పొద్దున లేస్తే ఒకరినొకరు తిట్టుకునే ఇరుగుపొరుగు. ఆ పడవ తిప్ప వైపు పోలేదు. దానికి సరిగ్గా ఎదురు దిక్కుకి తిరిగింది. దాని వెనకాల మిగతావి కూడా. ఎవరూ ఎవరితోనూ ఒక్క మాట అనలేదు.

చివరి పడవ సిన్నోవది. నలభై ఏళ్ల ఆడమనిషి, ఒంటరిగా వేటకి పోతుంది. ఓలినా అందులోకి దూకింది.

"పిన్నీ! నువ్వెందుకు?"

"ఒడ్డున నిలబడింది చాలు. పద!"

సిన్నోవ ఇంజను స్టార్టు చేసింది. కాసేపటికి ఓలినా అడిగింది, "ఎటు పోతున్నావ్?"

"ఊరికే. గాలి బావుందని."

"సిన్నోవా!" ఓలినా ఆమె చొక్కా చెయ్యి పట్టుకుంది. "ఆయన ఎక్కడుంటాడో నీకు తెలుసా?"

సిన్నోవ నీళ్లు నమిలింది. "తిమింగలం మెరక పిన్నీ. నేను బడికి పోయే రోజులనించీ తెలుసు. ఓద్వార్ బాబాయికి తెలుసు. అందరికీ తెలుసు. మా అందరివీ ఆయనకి తెలుసు."

"అందరికీ తెలిసి నాకెందుకు తెలీదే?"

"నువ్వు అడిగావుగా! అడిగినవాళ్లకి ఎవరైనా నిజం చెబుతారా? మేం అడగలేదు. చాటుగా వెంటపడ్డాం."

ఓలినా ఆమె చొక్కా చెయ్యి వదిలేసింది. తర్వాత చిన్నగా అంది, "అయితే ఆ రోజు మా నాన్నది కూడా..."

"అప్పటికి నేను పుట్టలేదు పిన్నీ," అని సిన్నోవ ముఖం తిప్పుకుంది.

ఆమె వెనక్కి తిరిగి దీవి వైపు చూస్తూ పడవ నడుపుతోంది. చర్చి కోడిపుంజు పక్కన ఖాళీ ఆకాశాన్ని కళ్లు చికిలించి చూస్తోంది.

"ఏం చూస్తున్నావ్?"

"టవరు. కోడిపుంజు ఎర్ర పట్టీ కిందికి రావాలి."

"టవరేదీ? ఎప్పుడో కూల్చారుగా!"

"కూల్చారు."

"మరి అక్కడేం లేదే!"

"లేదని తెలుసు పిన్నీ. కాస్త ఎడంపక్కకి జరుగు, అడ్డం వస్తున్నావు."

ఓలినా జరిగింది. జరిగి, తనూ అటే చూసింది. పదేళ్లు ఆ రేవులో నిలబడి ఆమె ఆ ఖాళీని చూస్తూనే ఉంది. అందులో ఇంత చోటుందని ఎరగదు.

నీళ్లకింద నేల పైకి లేచే ఆ మెరక దగ్గర ఆర్నుల్ఫ్ కనబడ్డాడు. నురుగు రాళ్లు అతని వెనక నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. అతని పడవలో అతనికంటే పెద్ద హాలిబట్ చేప ఒకటి వెల్లకిలా పడుకుని ఉంది. వచ్చిన పడవలన్నిటినీ చూసి అతని ముఖం మాడిపోయింది.

"మీకెవరు చెప్పార్రా ఇక్కడున్నానని?"

"ఎవడూ చెప్పలేదు," అన్నాడు ఓద్వార్ తాడు విసురుతూ. "దారి తప్పి వచ్చాం. నువ్విక్కడేం చేస్తున్నావ్, ముసలోడా? తిప్ప దగ్గరన్నావుగా!"

"కొట్టుకొచ్చాను."

"అవునవును. గాలికి ఎదురు కొట్టుకొచ్చావు, చేపతో సహా."

అప్పుడు ఆర్నుల్ఫ్ సిన్నోవ పడవలో ఏప్రన్‌తో నిలబడిన ఓలినాని చూశాడు. టోపీ తీశాడు.

"కాఫీ చల్లారిపోయింది," అంది ఓలినా.

రేవులో దిగాక ఓద్వార్ ఆమె దగ్గరికి వచ్చి, బూట్లకేసి చూస్తూ చెప్పాడు. "ఓలినా, మీ నాన్న పోయిన రోజు మా నాన్న పడవలో నేనూ ఉన్నా, పిల్లవాణ్ణి. అందరితోపాటు తిప్ప చుట్టూ తిరిగాడు గాని, పొద్దుగూకేదాకా మా నాన్న మెడ తిమింగలం మెరక వైపే తిప్పుకుని ఉన్నాడు. నోరు మాత్రం తెరవలేదు. మర్యాద కాదని." వెళ్లి పడవ కట్టుకున్నాడు.

ఇక ప్రభుత్వ ఓడ సంగతి. అది నీటికాకుల తిప్పని ఎక్కింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. పోటు వచ్చేదాకా మంత్రిగారు తిప్ప మీద నీటికాకుల మధ్య నిలబడి, అక్కడినుంచే పత్రికలవారితో మాట్లాడారు. "మా వ్యవస్థ మా ఓడను అంగుళం తేడా లేకుండా, ప్రజలు చెప్పిన చోటికే చేర్చింది. ఏ ఉపగ్రహం ఇంత కచ్చితంగా చేర్చగలదు?" నీటికాకులు రెక్కలు చాచి విన్నాయి. మంత్రిగారి కోటు మీద కొన్ని తమ అభిప్రాయం కూడా తెలియజేశాయి.

అయితే మరి పడవలు ఆర్నుల్ఫ్‌ని ఎలా కనుక్కున్నాయని ఐలర్ట్ విచారణ జరిపాడు. ఎవరూ ఏమీ చెప్పలేదు. కాని లేని టవరును చూసి నడిచారన్న ఒక్క ముక్క ఎలాగో జారిపోయింది. కార్యాలయం దానిమీద సుదీర్ఘంగా చర్చించి, చారిత్రకమైన నిర్ణయం తీసుకుంది. టవరు లేకుండానే టవరు పనిచేస్తోంది కనుక కొత్త టవరు కట్టాల్సిన అవసరం లేదు. లేని టవరునే జాతీయ ద్వితీయమార్గంగా గుర్తించడమైనది.

మళ్లీ బ్యాండు వచ్చింది. మంత్రిగారు ఖాళీ గాలి ముందు రిబ్బను కత్తిరించారు. "ఈ టవరుకు తుప్పు పట్టదు! రంగు వెయ్యక్కర్లేదు! సిబ్బంది అక్కర్లేదు! పొరుగువారు దీన్ని ఏ విధంగానూ చెడగొట్టలేరు!" అందరూ చప్పట్లు కొట్టారు. వాఫుల్స్ ఎప్పటిలాగే బాగున్నాయి. ఆ చోట ఇప్పుడొక చక్కటి బోర్డు ఉంది. 'ఇక్కడ టవరు లేదు. దయచేసి అడ్డంగా నిలబడకండి.' తెల్లపిట్టలు దాని మీద కూర్చుంటాయి.

ఇంజను బాగుపడిన మర్నాటి పొద్దున ఆర్నుల్ఫ్ టోపీ పెట్టుకుని గడప దగ్గరికి వచ్చాడు. ఓలినా కాఫీగిన్నె తుడుస్తోంది. ఏమీ అడగలేదు. అతను ఆగాడు. టోపీ సర్దాడు. మళ్లీ సర్దాడు.

"అడగవా?"

"దేనికి? ఏం చెబుతావో తెలుసుగా."

ఆర్నుల్ఫ్ వెనక్కి వచ్చి వంటింటి రేడియో మీట తిప్పి కట్టేశాడు. కిటికీలోంచి అటూ ఇటూ చూశాడు. ఆమె చెవి దగ్గరికి వంగి, "తిమింగలం మెరక," అన్నాడు. "మధ్యాహ్నం నుంచి దాని ఉత్తరపు అంచు. కాఫీ మీద మూత పెట్టి ఉంచు."

ఎలా పొక్కిందో గాని, పెళ్లానికి నిజం చెప్పాడన్న వార్త సాయంత్రానికల్లా రేవంతా పాకింది. పెద్దవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ఊరి మర్యాద మంటగలిసిపోతోందని ఒకరిద్దరు బాధపడ్డారు. ఆ తర్వాత ఒక్కొక్క ఇంట్లోనూ ఒక్కొక్క పొద్దున రేడియో కాసేపు ఆగిపోవడం మొదలైంది. ఎందుకో ఎవరూ ఎవరినీ అడగలేదు.

చదువరులు ఈ దీవివాళ్లని చూసి హాయిగా నవ్వుకుంటే మాకు సంతోషమే. నవ్వడం అయ్యాక, ఇవాళ పొద్దున మీ గడప దాటినవాళ్లు ఎక్కడికని చెప్పి వెళ్లారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఆ చోట నీటికాకులేమైనా వాలతాయేమో ఆలోచించండి. అంత అక్కర్లేదు, ఫోన్లో వాళ్ల చుక్క కనబడుతూనే ఉందంటారా? ఆ రోజు ఆర్నుల్ఫ్ చుక్క కూడా కనబడింది. రన్‌వే నడిమధ్యన, ఎంతో స్పష్టంగా.